దణ్ణం పెట్టొచ్చు, చదవకూడదు

నేను ఒక పుస్తకాన్ని. ఆ మాట వినగానే మీకు కథలూ కవితలూ గుర్తొస్తే అక్కడే ఆగండి. నాలో అవేమీ లేవు. నట్లున్నాయి, బోల్టులున్నాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ ముక్క ఎంత అరిగితే పారేయాలో ఉంది. తురగ్ అనే కారును మొత్తం విప్పి మళ్ళీ బిగించడానికి కావలసినదంతా నాలుగువందల పన్నెండు పేజీల్లో బొమ్మలతో సహా ఉంది. నన్ను రిపేరు పుస్తకం అంటారు. అంటే రిపేరు చేసేవాడి చేతిలో ఉండవలసిన పుస్తకం. ఉండవలసిన అన్నాను, ఉన్న అనలేదు.

నన్ను రాసినవాళ్ళు మంచివాళ్ళు. అబద్ధం ఎందుకు చెప్పాలి? పదకొండుమంది ఇంజనీర్లు మూడేళ్ళు కూర్చుని రాశారు. అందులో ఒకావిడ గేరుబాక్సు బొమ్మను పదిసార్లు చెరిపి గీసింది, మొదటిసారి విప్పేవాడికి కూడా అర్థం కావాలని. ఆవిడ ఎవరికోసం గీస్తున్నాననుకుందో పాపం! రాయడం అయ్యాక నన్ను న్యాయవిభాగానికి పంపారు. అక్కడొక పెద్దమనిషి ఉన్నాడు. పుట్టాక స్పానరు ముట్టుకోలేదు. మొదటి పేజీ చదివాడు, రెండోది తిప్పాడు, ఆవులించాడు. ప్రతి పేజీ నెత్తిమీదా ‘రహస్యం. అధీకృత డీలర్ల వాడకానికి మాత్రమే’ అని అచ్చు వేయించమన్నాడు. నాలుగువందల పన్నెండు సార్లు వేశారు. పంక్చరైన చక్రం ఎలా మార్చాలో చెప్పే పేజీ మీద కూడా వేశారు. రోడ్డు పక్కన జాకీ పెట్టి చక్రం మార్చే ప్రతివాడూ కంపెనీ లెక్కలో గూఢచారే.

మొత్తం అరవై ప్రతులు. నా నంబరు ముప్పై ఏడు. నన్ను బెజవాడ షోరూముకు పంపించారు.

అక్కడ సర్వీసు మేనేజరు శేషఫణి గారు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. నన్ను చేతుల్లోకి తీసుకోగానే ఆయన చదివిన మొదటి మాట ‘రహస్యం’. అదే ఆఖరి మాట కూడా. నన్ను తన గదిలో ఇనపబీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి డ్రాయరులో, డ్రాయరు తాళంచెవి జేబులో. గోడకు అవతలే వర్క్‌షాపు. పద్నాలుగుమంది మెకానిక్కులు తురగ్ బళ్ళను విప్పుతూ ఉంటారు, అనుభవం కొద్దీ, అంచనా కొద్దీ, దేవుడి దయ కొద్దీ. వాళ్ళకు తెలియాల్సినదంతా గోడకు ఇవతల బీరువాలో నల్లుల మందు వాసన పీలుస్తూ ఉంటుంది.

అయితే ఏడాదికొకసారి నన్ను బయటికి తీస్తారు. ఆయుధపూజ నాడు. షోరూము మధ్యలో బల్ల వేసి, ఎర్రగుడ్డ పరిచి, స్పానర్లూ సుత్తులూ జాకీలూ పేర్చి, వాటి నడుమ నన్ను తెరిచి పెడతారు. ఏ పేజీ తెరవాలో శేషఫణి గారు ఏనాడో నిర్ణయించేశారు. రెండువందల పద్నాలుగు. రెండూ ఒకటీ నాలుగూ కూడితే ఏడు. ఆయన అదృష్టసంఖ్య ఏడు. కారు నంబరు కూడితే ఏడు, ఫోను నంబరు కూడితే ఏడు, పెళ్ళి ఏడో తారీకున. నడిమివేలిని తడి కుంకుమలో ముంచి పేజీకి సరిగ్గా నట్టనడుమ బొట్టు పెడతారు. కొబ్బరికాయ కొడతారు. నన్ను మూసి మళ్ళీ బీరువాలో పడేస్తారు. ఎనిమిదేళ్ళు, ఎనిమిది బొట్లు, అదే పేజీ, అదే చోటు.

ఆ చోట ఏముందో చెప్తాను. కథంతా దాంట్లోనే ఉంది.

ఇంజనుకు ఒక మూత ఉంటుంది. హెడ్డు అంటారు. వేడెక్కి వంకరపోతే దాన్ని మిషను మీద పెట్టి కాస్త గీకి చదును చేస్తారు. మరీ గీకితే పల్చబడి, లోపల ఒత్తిడి పెరిగి, బలం కాస్త హెచ్చినా ఇంజను కటకటా కొట్టుకుంటుంది. అందుకని ఇంతకంటే పల్చబడకూడదని నాలో ఒక హద్దు రాశారు. నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు. శేషఫణి గారి బొట్టు ఆ అంకెలో చివరి ఎనిమిది మీద పడింది. తొలి ఏడాది ఫోర్‌మన్ వచ్చి, “సార్, తురగ్ హెడ్డు ఎంతవరకు గీకొచ్చు?” అని అడిగితే ఆయన బీరువా తెరిచి, నన్ను తెరిచి, నూటపది దాకా చదివి, కుంకుమ దగ్గర ఆగిపోయాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. “నూట పదిహేడు,” అన్నాడు. ఏడు ఆయనకు ఎప్పుడూ అన్యాయం చేయలేదు మరి.

ఆనాటి నుంచి ఆ షోరూములో హెడ్డులన్నీ నూట పదిహేడు దాకా గీకుతున్నారు. ఇంజన్లు కొట్టుకుంటున్నాయని జనం మొత్తుకుంటే, “పెట్రోలు కల్తీ అండీ,” అని చెప్పి పంపేస్తున్నారు.

ఇక తిరపతమ్మ సంగతి. పటమటలో కర్రీ పాయింటు నడుపుతుంది. కూరలు హాస్టళ్ళకూ ఫంక్షన్లకూ చేరవేయడానికి పాత తురగ్ ఒకటి కొనుక్కుంది. వెనకసీట్లో చేపల పులుసు డేగిసా పెట్టుకుని, ఒక్క బొట్టు ఒలక్కుండా బెజవాడ సందుల్లో వేళకు చేరాలంటే బండి నడపడం రావాలి. ఆవిడకు వచ్చింది. నున్న ఊరి అవతల ఎర్రమట్టి మైదానంలో ఆదివారం రేసులు జరుగుతాయని విని, ఒకసారి చూడ్డానికి వెళ్ళి, రెండోసారి పేరిచ్చింది. పెద్ద రేసులు కావవి. బ్యాంకు గుమాస్తాలూ, టీచర్లూ, లారీ ఓనర్లూ వారమంతా ఉద్యోగాలు చేసుకుని ఆదివారం దుమ్ములో బళ్ళు తిప్పుకునే సరదా. అందులో ‘ఉన్నదున్నట్టు’ అని ఒక క్లాసు ఉంది. బండి కంపెనీ లెక్క ప్రకారం ఎలా ఉండాలో అలాగే ఉండాలి, లోపల ఏ మార్పూ చేయకూడదు.

దసరాకు పదిరోజుల ముందు ఆదివారం ఆ క్లాసులో ఆవిడ గెలిచింది. రెండోస్థానం హిమకర్‌ది. గుంటూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజి ఉన్నవాళ్ళబ్బాయి, ముప్పై ఏళ్ళవాడు. అతనిదీ తురగే, కొత్తది. కూరలమ్మే ఆవిడ తనను దాటిందంటే అందులో మతలబు ఉండాలని ఫిర్యాదు ఇచ్చాడు. హెడ్డు గీకించి ఇంజను బలం పెంచిందన్నాడు. రేసుల్లో అది దొంగతనం కింద లెక్క.

రేసుల క్లబ్బుకు సాంకేతిక పరిశీలకుడు నిడమర్తి మాస్టారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాడు. ఆయన నిబంధన ప్రకారం ఇద్దరి బళ్ళ హెడ్డులూ విప్పించి, కొలిచి, రెండు కొలతలూ నోటుబుక్కులో రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. అయితే ఆ కొలతలు సరైనవో కావో తేల్చాలంటే కంపెనీ హద్దు తెలియాలి.

“కంపెనీ పుస్తకం చూడాలి,” అన్నాడు మాస్టారు. “దసరా లోపల చూపించలేకపోతే ఫిర్యాదు నెగ్గినట్టే. కప్పు వెనక్కివ్వాలి, రెండేళ్ళు నిషేధం. క్లబ్బు బోర్డు మీద పేరు రాస్తాం.”

“ఏవని రాస్తారు మాస్టారూ?” అంది తిరపతమ్మ.

“మోసం అని.”

ఆవిడ వెనక నిలబడ్డ నాగుల్ మీరా ముందుకొచ్చాడు. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా షెడ్డు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీదా, ఇంకో కొన చెవికీ ఆనించి జబ్బు చెప్పే మేస్త్రి. ఆ బండి ఆయన చేతిలోదే.

“నేను గీకలేదండీ దాన్ని. నా బొటనవేలితో తడిమి చూశా, నిండుగా ఉంది.”

“మీరా గారూ, మీ బొటనవేలు నిబంధనల్లో లేదు.”

“నలభై ఏళ్ళ నుంచి ఉందండీ అది.”

“ఉండొచ్చు. పుస్తకం తెండి.”

ఇవన్నీ నేను తరవాత విన్నవి. ఆటోనగర్ షెడ్డులో దొరకని వార్త ఉండదు. నా కళ్ళారా, అంటే బీరువా సందులోంచి, చూసింది మాత్రం ఇక్కడి నుంచి.

సోమవారం పొద్దున్నే తిరపతమ్మ షోరూముకు వచ్చింది. వంటపని మీదనుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర చెంగుకు పసుపు.

“ఒక్క పేజీ చూపించండి చాలు. హెడ్డు హద్దు ఎంతో చూసుకుని పోతా.”

“కుదరదమ్మా. రహస్యం అని రాసుంది,” అన్నారు శేషఫణి గారు.

“ఏం రహస్యమండీ? బండి నాది. ఇంజను నాది. దాని మూత ఎంత మందమో నాకు తెలియకూడదా?”

“బండి మీదేనమ్మా, కాదనను. సమాచారం కంపెనీది.”

“అయితే సమాచారం పీకేసి బండి అమ్మాల్సింది.”

“మీరు అలా మాట్లాడితే నేనేం చెప్పను? కంపెనీకి రాయండి.”

రాసింది. మూడో రోజుకల్లా జవాబు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది. ‘గౌరవనీయ వినియోగదారులకు, మీ భద్రతే మాకు ముఖ్యం. సమాచారం కోసం మీ సమీప అధీకృత డీలరును సంప్రదించగలరు.’

శేషఫణి గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. “సంప్రదించమన్నారు. మీరు సంప్రదించారు. నేను కుదరదన్నాను. ప్రక్రియ పూర్తయిందమ్మా.”

ఇక్కడ మీతో ఒక మాట. నవ్వుతున్నారు కదా? మీ ఇంట్లో ఫ్రిజ్జు ఉంటుంది, మోటారు ఉంటుంది, ఫోను ఉంటుంది. వాటిల్లో ఒక్కదాని రిపేరు పుస్తకమైనా మీ దగ్గర ఉందా? కొన్నప్పుడు డబ్బాలో ఒక పుస్తకం ఇచ్చి ఉంటారు. దాంట్లో ప్లగ్గు ఎలా పెట్టాలో ఉంటుంది, పిల్లలకు దూరంగా ఉంచమని ఉంటుంది, విప్పవద్దని ఉంటుంది. విప్పవద్దని చెప్పడానికి పదహారు భాషలు. విప్పాక ఎలా బిగించాలో చెప్పడానికి ఒక్క భాష కూడా లేదు. సొంత వస్తువు ముందు దొంగలా నిలబడే అలవాటు మీకు అయిపోయింది. తిరపతమ్మకు కాలేదు. అంతే తేడా.

“పోనీ ఒకటి చెప్పండి,” అంది ఆవిడ. “మీరైనా చదివారా దాన్ని?”

శేషఫణి గారికి కోపం వచ్చింది. “ఏంటమ్మా ఆ ప్రశ్న? ఎనిమిదేళ్ళ నుంచి ఆ పుస్తకానికి ఏటేటా పూజ చేస్తున్నాను నేను.”

 ఆవిడ చాలా వినయంగా అడిగింది. “పూజ ఎప్పుడండీ?”

“మహర్నవమి నాడు. కస్టమర్లందర్నీ పిలుస్తాం. మీరూ రండి, పులిహోర ఉంటుంది.”

“వచ్చి దణ్ణం పెట్టుకోవచ్చా పుస్తకానికి?”

“నిక్షేపంగా. అందరూ పెట్టుకుంటారు.”

మహర్నవమి వచ్చింది. గడువుకు చివరి రోజు. నన్ను తీసి ఎర్రగుడ్డ మీద పెట్టారు. రెండువందల పద్నాలుగు తెరిచారు. తొమ్మిదో బొట్టు పెట్టారు, ఇంకా తడిగా ఉంది. హాలు నిండా జనం, కొమ్మలు కట్టుకున్న తురగ్‌లు బారులు తీరి ఉన్నాయి. వాటిల్లో హిమకర్‌ది కూడా ఉంది, మనిషీ ఉన్నాడు. పూజారి గారికి ఇంకా ఐదు షోరూములు మిగిలి ఉన్నాయి కాబట్టి మంత్రాలు మూడో గేరులో వెళ్తున్నాయి.

తిరపతమ్మ కొబ్బరికాయతో వచ్చింది. ఒకపక్క నాగుల్ మీరా, ఇంకోపక్క నిడమర్తి మాస్టారు. హారతి అవగానే ఆవిడ నా ముందుకొచ్చి చేతులు జోడించి వంగింది. వంగినావిడ లేవదు.

“ఎంతసేపమ్మా?” అన్నారు శేషఫణి గారు.

“మొక్కు పెద్దదండీ.”

ఆవిడ ముక్కు నా కాగితానికి తగులుతోంది. కళ్ళు వరసలవెంట పరిగెడుతున్నాయి. ఎనిమిదేళ్ళలో నన్ను చదివిన మొదటి మనిషి. నాకు ఒళ్ళు జలదరించింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

“బాబాయ్,” అంది మీరా మేస్త్రితో, గొంతు తగ్గించి. “అంకె మీద బొట్టుంది.”

“ఏ అంకె?”

“మనకు కావాల్సిన అంకే.”

మాస్టారు ఇక మొహమాటపడలేదు. కళ్ళజోడు సవరించుకుని వంగాడు. “హెడ్డు కనీస మందం... నూట పది... తర్వాత కుంకం.”

“అది ఏడండీ,” అన్నారు శేషఫణి గారు గబగబా. అని నాలిక కరుచుకున్నారు. “అసలు మీరెందుకు చదువుతున్నారు? దణ్ణం వరకే పర్మిషను!”

“నేను పుస్తకం చూడాలన్నాను,” అన్నాడు మాస్టారు. “చూస్తున్నాను. ఏడు అని మీరు చూసి చెప్తున్నారా, అనుకుని చెప్తున్నారా?”

ఆయన తాళంచెవి కోసం జేబు తడుముకున్నారు.

వెనకనుంచి హిమకర్ అరిచాడు. “తొమ్మిది కావచ్చుగా! తొమ్మిదైతే ఆవిడ పని అయిపోయినట్టే!”

నిజమే. తిరపతమ్మ హెడ్డు నూట పద్దెనిమిదిన్నర. మీరా మేస్త్రి కొలిచి చెప్పాడావిడకు. ఏడైనా ఎనిమిదైనా గట్టెక్కుతుంది. తొమ్మిదైతే మోసగత్తె అని బోర్డెక్కుతుంది, ఆవిడతోపాటు నలభై ఏళ్ళ బొటనవేలు కూడా. ఆవిడ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ఈసారి నిజంగా మొక్కుకుంటోందేమో.

“తుడవండి,” అంది.

“బొట్టు చెరపడం అశుభం!” శేషఫణి గారు నా మీదకు చేతులు అడ్డం పెట్టారు.

పూజారి గారు గంట కింద పెట్టారు. ఆయనకు ఆలస్యమవుతోంది. “పెట్టింది ఎవరండీ దాన్ని?”

“నేనేనండీ. ఏటేటా.”

“పుస్తకానికి బొట్టు అట్ట మీద పెడతారయ్యా, అక్షరం మీద కాదు. చదువు కనబడకుండా పెడితే అది బొట్టేంటి, మరక. జరగండి.”

ఉత్తరీయం కొన నీళ్ళలో తడిపి, పిండి, రెండు వేళ్ళతో సుతారంగా అద్దడం మొదలుపెట్టారు. తొమ్మిది పొరలు. ఒక్కో దసరా ఊడి వస్తోంది. గులాబిరంగు తడిలోంచి ముందు ఒక సున్న కనబడింది. ఇంకా తుడిచారు. సున్న కింద ఇంకో సున్న.

“ఎనిమిది,” అన్నారు పూజారి గారు. “దీనికి ఇంత గొడవా?”

మాస్టారు జేబులోంచి నోటుబుక్కు తీశాడు. “హద్దు నూట పద్దెనిమిది. తిరపతమ్మ బండి నూట పద్దెనిమిదిన్నర. నిబంధన ప్రకారం ఉంది. ఫిర్యాదు కొట్టేశాను.” పేజీ తిప్పాడు. “హిమకర్ బండి నూట పదిహేడుంబావు. హద్దు కంటే తక్కువ.”

హిమకర్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. “అంటే ఏంటి? నా బండి దొంగ బండా? నేను బయట ఎవడి చేతా ముట్టించలేదండీ! ఎండాకాలంలో వేడెక్కితే ఇక్కడే, ఈ షోరూములోనే గీకించాను! రసీదు ఉంది!”

“ఎంతకు గీకమన్నారండీ మీ మెకానిక్కులను?” అంది తిరపతమ్మ శేషఫణి గారి వైపు తిరిగి.

ఆయన నేల చూస్తూ అన్నారు. “పదిహేడు.”

అప్పుడు లేచింది హాలు. “మాది కూడా ఇక్కడేగా గీకించాం!” “నాకు పెట్రోలు కల్తీ అన్నారే! మూడు బంకులు మార్చానయ్యా నేను!” “రహస్యం రహస్యం అని మీకు మీరే దాచుకున్నారా?” నలభై మంది ఫోన్లు తీశారు. రెండువందల పద్నాలుగో పేజీ నలభై ఫోన్లలోకి ఎక్కింది. నాగుల్ మీరా మాత్రం పులిహోర పొట్లం విప్పి, “ఉప్పు సరిపోయింది,” అన్నాడు.

మరునాడు క్లబ్బు బోర్డు మీద తిరపతమ్మ పేరు గెలిచిన వరసలోనే ఉంది. హిమకర్ పేరు పక్కన మాస్టారు మోసం అని రాయలేదు. ‘అధీకృత డీలరు చలవ’ అని రాశాడు. హిమకర్ బండి తీసుకుని సిగ్గుపడుతూ ఆటోనగర్ వెళ్ళాడు. “మీరా గారూ, ఓసారి చూడండి,” అన్నాడట. “మొన్న నన్ను దొంగన్నావుగా?” అంటూనే మీరా మేస్త్రి అప్పటికే స్క్రూడ్రైవరు చెవికి ఆనించి వింటున్నాడట.

కంపెనీ మేలుకుంది. దేనికి మేలుకుందనుకున్నారు? పాడైన ఇంజన్లకు కాదు. రహస్యం బయటికి పొక్కినందుకు. అచ్చుప్రతులన్నీ తక్షణం వెనక్కి పంపాలనీ, వాటిని ముక్కలు చేస్తామనీ, ఇకమీదట అంతా కంప్యూటరులో పాస్‌వర్డు అనే తాళంమాట వెనక ఉంటుందనీ ఉత్తర్వు వచ్చింది. బీరువా పోయి ఇంకా పెద్ద బీరువా వచ్చింది.

ఆ ఉత్తర్వు వచ్చిన పొద్దున శేషఫణి గారు నన్ను బయటికి తీశారు. పార్సిలు కట్టడానికే తీశారు. దారం కోసం వెతుకుతూ, ఊరికే మొదటి పేజీ తిప్పారు. తరవాత రెండోది. కుర్చీ లాక్కున్నారు. మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి చదివారు. గేరుబాక్సు బొమ్మ దగ్గర చాలాసేపు ఆగి, “ఇంత తేలిగ్గా ఉందా!” అన్నారు తనలో తాను. సాయంత్రానికి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఎన్ని ఇంజన్లు లెక్కపెట్టుకున్నారో నాకు తెలియదు. కాగితం తీసి కంపెనీకి రాశారు. ‘ముప్పై ఏడో నంబరు ప్రతి ఆయుధపూజలో హారతి పళ్ళెం ఒరిగి పూర్తిగా దగ్ధమైనదని తెలియజేయుటకు చింతిస్తున్నాను.’

మర్నాడు నన్ను చంకలో పెట్టుకుని ఆటోనగర్ షెడ్డుకు వచ్చారు. “కాలిపోయిన పుస్తకం ఇది,” అన్నారు మీరా మేస్త్రితో. “జాగ్రత్తగా వాడుకోండి.”

అప్పటినుంచి నేను పుస్తకాన్నయ్యాను. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నం కర్రీ పాయింటు కట్టేశాక తిరపతమ్మ వచ్చి చదివి తెలుగులో చెబుతుంది. చుట్టూ పక్క షెడ్లవాళ్ళు, ఆదివారం రేసులవాళ్ళు, హిమకర్ కూడా. “నేను చెవితో విన్నదీ, ఇందులో రాసిందీ ఒకటే అమ్మాయ్!” అని మీరా మేస్త్రి సంబరపడతాడు. కలవని రోజున, “ఈ ఇంజనీరు ఎప్పుడన్నా మన ఎండలో బండి నడిపాడా?” అని నన్ను తిడతాడు. నామీద గ్రీజు వేళ్ళు పడ్డాయి, టీ పడింది, చేపల పులుసు పడింది. కుట్టు తెగింది. ఎవడికి కావలసిన పేజీ వాడు పట్టుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెడుతున్నాడు, కొందరు తేవడం లేదు.

మొన్న కంపెనీ ప్రచారవిభాగం నుంచి ఇద్దరు వచ్చారు, మెడలో కార్డులు వేసుకుని. తురగ్ మీద గెలిచిన మహిళ అని తిరపతమ్మ బొమ్మ బెంజి సర్కిల్లో పెద్ద హోర్డింగు పెడతారట. “మా బండి గొప్పతనం మీ వల్ల జనానికి తెలియాలండీ,” అన్నారు.

“తెలియాలి,” అంది ఆవిడ. “రేసు జరిగే చోట బల్ల వేసి మీ పుస్తకం దానిమీద పెట్టండి. ఎవరైనా వచ్చి చదువుకునేట్టు. షెడ్డు షెడ్డుకూ ఒకటి పంచండి. ఆరోజు నా బొమ్మ మీ ఇష్టం వచ్చినంత పెద్దది వేసుకోండి.”

“అది పాలసీ మేటరండీ. పైవాళ్ళను అడగాలి.”

“అడగండి. నేను ఇక్కడే ఉంటా.”

వాళ్ళు అడుగుతున్నారు. బెంజి సర్కిల్లో హోర్డింగు ఖాళీగా ఉంది. ఈలోపల నా క్లచ్చు పేజీలు నూజివీడు వెళ్ళాయి, బ్రేకుల పేజీలు ఖమ్మం వెళ్ళాయి. గేరుబాక్సు బొమ్మను నిన్న ఒంగోలు నుంచి వచ్చిన ఒకావిడ బస్సులో చూసుకుంటానని మడిచి సంచిలో పెట్టుకుంది. నాలుగువందల పన్నెండులో ఇప్పుడు నా దగ్గర మూడువందల ఆరున్నాయి. రోజురోజుకీ సన్నబడుతున్నాను. అడగడానికి ఎవరొచ్చినా మీరా మేస్త్రి తల ఎత్తకుండానే చెప్తున్నాడు.

“అదిగో, బల్ల మీద ఉంది. చేతులు కడుక్కోనక్కర్లేదు.”